ఉప్పు తొట్టి మీద గోనె

గాజువాక నుంచి కూర్మన్నపాలెం పోయే రోడ్డు పక్క సందులో తవిటయ్య కొట్టు ఎప్పుడు పెట్టాడో ఆ సందులోవాళ్ళెవరికీ సరిగ్గా తెలీదు. వాళ్ళంతా తర్వాత వచ్చినవాళ్ళే. ఆయన పెట్టిన నాటికి అక్కడ తాటిచెట్లూ జీడితోటలే. హార్బరు పనికి పోయేవాళ్ళు తెల్లారకట్ల సైకిళ్ళ మీద పోతూ బీడీలకి ఆగేవారు. తర్వాత ఉక్కు ఫ్యాక్టరీ వస్తుందన్నారు. వస్తుందని చాన్నాళ్ళు అన్నారు. అంటూ ఉండగానే తాటిచెట్లు పోయాయి, రేకుల ఇళ్ళు లేచాయి, గోదావరి అవతల నుంచీ కృష్ణ పక్క నుంచీ పెట్టెలు నెత్తిన పెట్టుకుని జనం దిగారు. కొట్టు మాత్రం ఉన్నంతే ఉంది.

ఎంతో లేదది. ఒక మనిషి చేతులు బారజాపితే రెండు గోడలూ తగుల్తాయి. ముందు చెక్క పలకల తలుపు. వెనక ఒక తడిక, తడిక వెనక ఆయన మంచమూ పొయ్యీ. బయట అరుగు మీద ఉప్పు తొట్టి. రాత్రి కొట్టు కట్టేటప్పుడు అన్నీ లోపలికి పోయేవి, ఆ తొట్టి తప్ప. మీద ఒక గోనె కప్పి వదిలేసేవాడు. ఉప్పు దొంగతనం ఎవరూ చెయ్యరు. చేస్తే ఆ ఇంటికి మంచిది కాదని అందరికీ తెలుసు. మేకలకే తెలీదు. అవి వచ్చి గోనె కింద మూతి దూర్చి నాకేవి. లోపల నడుం వాల్చిన తవిటయ్య ఆ సద్దు విని, లేవకుండానే "హుష్" అనేవాడు. పోయేవి.

ఆయన భార్య సన్యాసమ్మ ఉన్నంతకాలం పొద్దుగూకగానే సింహాద్రప్పన్న పటం ముందు దీపం పెట్టేది. పెట్టాక ఇంక కొట్టులోంచి ఉప్పు కదలనిచ్చేది కాదు. "దీపమెట్టినాక అది గడప దాటితే లచ్మి దానెనకాలే ఎలిపోతాది మావా" అనేది. ఆవిడ బతికుండగా ఆ మాటకి నవ్వేవాడు. పోయాక ఆవిడ పటమూ అప్పన్న పక్కనే పెట్టుకుని, ఒక్కనాడు తప్పలేదు. వీధిలో కరెంటు దీపాలొచ్చినా నూనె దీపం మానలేదు. అది వెలిగించాక ఎవరొచ్చి ఉప్పడిగినా, ఎంత దగ్గరివాళ్ళయినా, "పొద్దున్న రా" అనేవాడు. సందులో ఆడవాళ్ళు ఒకరికొకరు చెప్పుకునేవారు, తవిటయ్య కొట్టులో పద్ధతుందని. ఆ మాట చెవిన పడితే ఆయనకి లోపల బాగానే ఉండేది.

ఎనభై నాలుగులో, తొలకరి పడి కుళాయిల్లో ఎర్ర నీళ్ళొచ్చిన రోజులు. ఒక శుక్రవారం దీపం పెట్టి కూర్చున్నాడు. బీడీలకని గంగరాజు వచ్చి అరుగు మీద చతికిలబడ్డాడు. హార్బరులో కళాసీ, నోరు ఊరుకోదు. ఇంకో ఇద్దరు ముగ్గురు ఉన్నారు.

అప్పుడు కామేశ్వరి వచ్చింది. ఆ పిల్లది రాజోలు పక్క. మొగుడు త్రినాథరావు ఫ్యాక్టరీ కట్టే కంట్రాక్టరు దగ్గర వెల్డరు. సందు చివర రేకుల ఇంట్లో కాపురం. ఏడాది నిండని ఆడపిల్ల ఉంది. కామేశ్వరి వచ్చినప్పుడల్లా పిల్ల చంకలో ఉండేది, తవిటయ్య బెల్లం ముక్క చేతిలో పెడితే చప్పరించేది. ఆవేళ చంకలో పిల్ల లేదు. అది ఆయన చూశాడు. చూశాడు గానీ ఏమీ అనుకోలేదు.

"బాబాయ్ గారండీ," అంది. ఆగింది. మగవాళ్ళ వంక చూసి, తొట్టి వైపు చెయ్యి చూపించింది. "కాస్త... ఇది ఇప్పించండి."

తవిటయ్య దీపం వంక చూశాడు. "ఏటమ్మా, దీపాలెట్టీసినాక అదడగొచ్చా? మీ గోదారి పక్క ఈ పట్టింపుల్నేవేటి?"

"ఉన్నాయండీ. తెలుసండీ. అయినా..."

"తెలిసీ అడుగుతన్నావా మరి?"

గంగరాజు ఊరుకుంటాడా? "కూరలో ఉప్పు నేపోతే మీ ఆయన అలిగిపోతాడేటమ్మా?" అన్నాడు.

అందరూ నవ్వారు. ఆ నవ్వు తవిటయ్యకీ ఊపునిచ్చింది. మామూలుగా పది మాటలకి ఒక మాట ఆడే మనిషి. ఆవేళ ఆయన నోట్లోంచీ ఒకటి వచ్చింది. "ఇయ్యాల సప్పిడి కూడెట్టు. మొగుడికి నీ మీద ఎంత పేముందో తెలిసిపోతాది."

ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. "బావా, నువ్వూ మాటలు నేర్సినావురా" అని గంగరాజు తొడ చరిచాడు.

కామేశ్వరి మొహం ఎర్రబడింది. ఏదో అనబోయింది, నవ్వు ఆగలేదు. కొంగు తల మీదికి లాక్కుని వెళ్ళిపోయింది. నడక కాదు, పరుగులాంటి నడక. అదీ ఆయన చూశాడు.

తర్వాత జనం పోయారు. తలుపు పలకలు బిగించి, తొట్టి మీద గోనె కప్పి, లోపల గంజన్నం తిని నడుం వాల్చాడు. ఇంకా వీధిలో మాటలు మణగలేదు, ఎవరింట్లోనో రేడియో వాగుతోంది. గోనె సద్దయింది. కళ్ళు తెరవకుండానే "హుష్" అన్నాడు. గబగబా అడుగుల చప్పుడు పోయింది. పక్కకి ఒత్తిగిలాడు.

తెల్లారి పలకలు తీస్తే గోనె కింద పడుంది. తొట్టిలో ఒక చోట లోతు పడి ఉంది. అక్కణ్ణించి అరుగు మీదుగా మెట్టు దాకా ఉప్పు రాళ్ళు చిమ్మి ఉన్నాయి. మేకయితే నాకుతుంది, గుప్పిట పట్టదు. ఇన్నేళ్ళలో తన తొట్టి మీద ఎవరూ చెయ్యి పెట్టలేదు. అదీ శుక్రవారం పూట, దీపం పెట్టాక. సన్యాసమ్మ పటం ముందు నిలబడి ఏదో తప్పు చేసినట్టయింది ఆయనకి. ఆ తప్పు తనది కాదని ఎవరికో చెప్పుకోవాలి. రోడ్డు మీదికొచ్చి అరిచాడు.

"ఎవుల్రా ఉప్పు దొంగలు! దీపమెట్టిన కొట్లో ఉప్పు తీసినోల్లు! ఏ సేత్తో తీసినారో ఆ సెయ్యి కలిసిరాకుండా పోను! ఆ ఇంట్ల తినీవోల్లు నేకుండా పోను!"

కొట్టు పక్కనే ఇడ్లీలు వేసే జోగమ్మ గరిటె పట్టుకుని అలాగే చూస్తోంది. సందులోంచి ఒక రిక్షా వస్తోంది. అందులో త్రినాథరావు, రాత్రి డ్యూటీ నుంచి దిగిన నూనె బట్టల్తోనే. పక్కన కామేశ్వరి. ఒళ్ళో తువ్వాల్లో చుట్టిన పిల్ల. రిక్షా కొట్టు ముందు నించే పోయింది. కామేశ్వరి ఆయన్ని చూసింది. నిన్నటి మాటకి కోపం కాబోలనుకున్నాడు.

"ఏటి బాబూ, గుంటకేటైనాది?" అని కేకేశాడు.

"విరేచనాలండీ. పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్నాం" అన్నాడు త్రినాథరావు. కామేశ్వరి తల తిప్పుకోలేదు. రిక్షా మలుపు తిరిగేదాకా ఆయన వంకే చూసింది.

మధ్యాహ్నం అదే రిక్షాలో తిరిగొచ్చారు. తువ్వాలు అలాగే చుట్టి ఉంది. మొహం మీదికి కూడా.

తవిటయ్య కొట్టు సగం మూశాడు. చావింటికి వెళ్ళి మగవాళ్ళ పక్కన నిలబడ్డాడు. బెల్లం ముక్క చప్పరించే నోరు గుర్తొచ్చింది. అంతే. అప్పటికి ఆయనకి అంతే తెలుసు.

తర్వాత కుళాయి దగ్గర కామేశ్వరి కనబడేది. బిందె ఎడం చేత్తో తిప్పేది, ఎడం చేత్తోనే ఎత్తి చంకలో పెట్టుకోబోయేది, నీళ్ళన్నీ ఒలికిపోయేవి. కుడిచెయ్యి కొంగులో చుట్టుకుని ఉండేది. చెయ్యి ఏదైనా విరిగిందా, కాలిందా అనుకున్నాడు. ఆయన అన్నీ చూసేవాడే. అడిగేవాడు కాడు.

ఒక పొద్దున్న జోగమ్మే వచ్చింది. ఇడ్లీ పిండికి ఉప్పు కావాలని వచ్చి, తొట్టి దగ్గర నిలబడి ఏడుపు మొదలెట్టింది.

"ఏటే జోగీ?"

"ఈ పాపిస్టి ఉప్పు కాదేటి తవిటన్నా. దీని కోసమే కామేస్పరి గుంట పోనాది."

"గుంటకీ ఉప్పుకీ ఏటి?"

"ఎవులో నర్సమ్మ సెప్పినాదట. కాసిన నీల్లల్లో పంచదారా, సిటికెడు ఉప్పూ ఏసి తాపుతా ఉంటే పానం నిలబడతాదని. పంచదారుంది. ఉప్పు డబ్బా అడుగంటీసింది. ముందర నా కాడికే వొచ్చినాది. ఇచ్చినానా? నేదు. దీపాలెట్టీసినాం తల్లీ అన్నాను. ఆ తరవాత నీ కాడికొచ్చినాది."

తవిటయ్య చేతిలో తూకం గుండు ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలీనట్టు పట్టుకునే ఉన్నాడు.

"సెప్పొచ్చు కదా, గుంటకి బాగోనేదని" అన్నాడు.

"సెప్పనిచ్చినారా మీరు? పగలబడి నవ్వినారట. తిరిగెల్లి, గుంట కళ్ళు తేలేస్తంటే ఉండలేక మల్లీ వొచ్చి, నువ్వు కట్టీసినాక గుప్పెడు తీసుకుని పారిపోయిందట. ఏం తాపినాదో ఏటో, అప్పటికే ఆలస్యమైపోనాది. పెద్దాసుపత్రోల్లు ఒంట్ల నీరంతా పోనాదన్నారు. దానికి అదేదీ ఎక్కట్నేదు. దొంగుప్పు గుంట నోట్లో పోసినాను, అందుకే పోనాదంటాది. పొద్దున్నే నువ్వు తిట్టిన తిట్టు ఇంది. ఏ సేత్తో తీసినారో ఆ సెయ్యన్నావు సూడు. ఆ సేత్తో ఇంక ఏ పనీ సెయ్యదు. అన్నం కూడా కలపదు. మొగుడు ముద్దలెడితే రెండు తింటాది, మూడోది ఉమ్మీస్తాది."

జోగమ్మ ఉప్పు తీసుకోకుండానే వెళ్ళిపోయింది.

ఆ పూట తవిటయ్య ఎవరికేం ఇచ్చాడో ఆయనకి తెలీదు. కందిపప్పు అడిగితే శనగపప్పు పొట్లం కట్టాడు. ఎదురుగా తొట్టి. దాన్ని లోపలికి జరిపాడు. లోపలుంటే ఇంకా దగ్గరగా ఉన్నట్టుంది. మళ్ళీ బయట పెట్టాడు. సన్యాసమ్మ పటం వంక చూశాడు. నీ మాటేనే నిలబెట్టినాను, అనుకున్నాడు. కానీ సన్యాసమ్మయితే ఇలా చేసేది కాదని ఆయనకి తెలుసు. ఆవిడ ముందు "ఏల తల్లీ?" అని అడిగేది. పిల్లేదని అడిగేది. అదీ పద్ధతే. ఆవిడ దగ్గర ఆ సగం నేర్చుకోలేదు. జనం ముందు నవ్వించే సగం ఎక్కణ్ణించి వచ్చిందో తెలీదు.

నాలుగుసార్లు సందు చివరిదాకా పోయాడు. ఆ రేకుల ఇంటి తలుపు కనబడగానే ఏదో పనున్నట్టు తిరిగొచ్చేశాడు. ఏం చెప్పాలి? తప్పు నీది కాదమ్మా అనాలి. ఆ మాట జోగమ్మ రోజూ చెబుతూనే ఉంది, మొగుడూ చెబుతూనే ఉన్నాడు. నా తిట్టుకి అంత బలం లేదమ్మా అనాలి. బలం లేదని తనకి మాత్రం గట్టిగా తెలుసా? ఇంట్లో తినేవాళ్ళు లేకుండా పోను అన్నాడు. ఆవేళే ఒకరు పోయారు.

ఒకనాడు త్రినాథరావు కొట్టుకొచ్చాడు. మనిషి సగమైపోయాడు.

"కాస్త కొబ్బరి తాడు కావాలండీ. పెట్టె కట్టుకోడానికి."

"ఎక్కడికి బాబూ?"

"దాన్ని వాళ్ళమ్మగారి ఊరు పంపించేస్తున్నానండి. మధ్యాహ్నం బండికి. ఇక్కడుంటే దక్కదు. చెయ్యి పట్టేసిందంటది. డాక్టరు గారికి చూపిస్తే చేతికేమీ లేదన్నారు." ఆగి, గొంతు తగ్గించి, "అక్కడికెళ్ళినా మారుతుందని నమ్మకం లేదండి బాబాయ్ గారూ" అన్నాడు.

ఆ పొద్దుటి తిట్టు ఎవరికి తగిలిందో అతనికి తెలీదని ఆ చూపులోనే తెలిసిపోయింది. భార్య చెప్పలేదన్నమాట. తాడు చుట్ట ఇచ్చి, అతను వెళ్ళాక తవిటయ్య అరుగు మీద కూర్చున్నాడు. ఈ పూట దాటితే ఆ పిల్లది ఆ చెయ్యి కొంగులో చుట్టుకునే గోదారి దాటిపోతుంది. చచ్చేదాకా విప్పదు.

దొంగతనం చేశానంటోంది. చెయ్యలేదంటే నమ్మదు. చేసింది కదా. అది దొంగతనం కాకపోవాలంటే ఒక్కటే దారి. ఇచ్చి ఉండాలి.

లేచాడు. కొట్టు పలకలు కూడా వెయ్యలేదు.

రేకుల ఇంటి గుమ్మంలో రేకు పెట్టె, తాడుతో కట్టి. త్రినాథరావు రిక్షా కోసం పోయినట్టున్నాడు. వాకిట్లో జోగమ్మ ఉంది, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు. కామేశ్వరి గోడకి ఆనుకుని కూర్చుంది. కుడిచెయ్యి కొంగులో. తవిటయ్యని చూసి ఇంకా ముడుచుకుంది.

ఆయన గుమ్మం బయటే నిలబడ్డాడు.

"అమ్మా, ఆ రేత్రి నాను సూసినాను."

ఆమె తలెత్తింది.

"తలుపు సందులోంచి. నువ్వు గోనె తియ్యడం సూసినాను, తొట్లో సెయ్యెట్టడం సూసినాను. సూసి ఊరుకున్నాను. కొట్టుగలోడు సూసి ఊరుకుంటే అది దొంగతనమవదమ్మా. ఇచ్చినట్టే. ఆ ఉప్పు నానిచ్చిందే."

జోగమ్మ నోరు తెరుచుకుని చూస్తోంది. కామేశ్వరి కళ్ళు ఆయన మొహం మీద వెతుకుతున్నాయి.

"చూశారా?"

"సూసినాను."

"మరైతే పొద్దున్నే ఆ మాటెందుకన్నారు?"

ఆ ప్రశ్న వస్తుందని ఆయన అనుకోలేదు. దారంతా మొదటి మాటే కూడబలుక్కుంటూ వచ్చాడు. వెతుక్కుంటే ఒకటే దొరికింది, అన్నిటికంటే నీచమైనది. అదే పట్టుకున్నాడు.

"దీపమెట్టినాక నా కొట్లోంచి ఉప్పు పోనాదని జనానికి తెలీకూడదని. పేరు పోతాదని. అందుకే దొంగలన్నాను."

"ఓలమ్మో!" అంది జోగమ్మ. "నువ్వు మనిసివేనా తవిటన్నా?"

కామేశ్వరి ఆ మాట వినలేదు. ఇంకేదో ఆలోచిస్తోంది. నొసలు ముడిపడింది.

"లోపల్నించి హుష్ అన్నారు" అంది మెల్లగా. "ఎవరో లేచారనుకుని భయపడి పరిగెత్తాను. గుప్పిట్లో ఉప్పు సగం దారిలో కారిపోయింది. ఆ హుష్... నన్నేనా అన్నది?"

తవిటయ్యకి అప్పుడు గుర్తొచ్చింది. ఆ సద్దు. ఆ అడుగులు. రెండు కాళ్ళ అడుగులు, గబగబా. తను పక్కకి ఒత్తిగిలాడు. ఒక్కసారి లేచి తలుపు తీసి ఉంటే...

మేకనుకున్నానమ్మా అనడానికి నాలుక మీదికి వచ్చింది. అంటే, చూడలేదని తేలిపోతుంది. చూడకపోతే ఇచ్చినట్టు కాదు.

"నిన్నే" అన్నాడు.

కామేశ్వరి లేచింది. గోడ పట్టుకుని కాదు, ఒక్కసారిగా. కొంగు జారిపోయింది. కుడిచెయ్యి బయటికొచ్చింది. అన్ని రోజులూ చుట్టి ఉండి పాలిపోయిన చెయ్యి. ఆ చెయ్యి చాపి రోడ్డు వైపు వేలు చూపించింది.

"మేకని తోలినట్టు తోలారా నన్ను? తెలిసి? నా బిడ్డ అక్కడ పోతుంటే చూస్తూ పడుకున్నారా? పోండి! మా గుమ్మంలో నిలబడకండి! పో!"

"పో" అన్నాక గొంతు పగిలిపోయింది. కూలబడి, రెండు చేతులతో నేల కొడుతూ ఏడ్చింది. పిల్ల పోయినరోజు కూడా ఆమె అలా ఏడవలేదు. రెండు చేతులతో. తవిటయ్య అది చూసి వెనక్కి తిరిగాడు. వెనక జోగమ్మ కాండ్రించి ఉమ్మింది. ఎటు ఉమ్మిందో చూడలేదు.

మధ్యాహ్నం రిక్షా కొట్టు ముందు నించే పోయింది. కామేశ్వరి కుడిచేత్తో రిక్షా కమ్మీ పట్టుకుని కూర్చుంది. కొట్టు వంక చూడలేదు. త్రినాథరావు చూశాడు. అతనికి ఇప్పుడు తెలిసినట్టుంది.

సాయంత్రానికి సందంతా పాకింది. గంగరాజు బీడీలకి రాలేదు. ఆ వారం నుంచి ఆడవాళ్ళు జంక్షను దాకా నడిచిపోయి సరుకులు తెచ్చుకోవడం మొదలెట్టారు. ఎప్పుడైనా ఎవరైనా వస్తే తూకం అయ్యేదాకా పక్కకి చూస్తూ నిలబడేవారు. మేకనుకున్నానని తవిటయ్య ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎప్పటికో ఒకప్పటికి ఆ మాట గోదారి దాటి ఆ పిల్ల చెవిన పడుతుంది.

ఇంకొకటి కూడా ఉంది. అసలేమనుకున్నాడో ఇప్పుడు ఆయనకే సరిగ్గా తెలీడం లేదు. ఆ అడుగులు మేకవి కావని ఆ రాత్రే తెలుసేమో. తెలిసీ ఒత్తిగిలాడేమో. సాయంత్రం మొహం ఎర్రబడి వెళ్ళిన మనిషి మళ్ళీ వస్తుందని లోపలెక్కడో అనుకుంటూనే పడుకున్నాడేమో.

దీపం పెట్టడం మానలేదు. తొట్టి బయటే ఉంటుంది. గోనె కప్పడం మానేశాడు. పొద్దుగూకాక మేకలొస్తాయి. ఉప్పు రాళ్ళ మీద వాటి నాలుక గరగరా రాసుకునే చప్పుడు లోపలికి వినబడుతుంది. ఆయన నోరు తెరుస్తాడు. హుష్ అన్న మాట రాదు. మంచం మీంచి లేచి, పలకొకటి తీసి, తల బయట పెట్టి చూస్తాడు. ప్రతిసారీ చూస్తాడు.

మేకే.